ముందు పంపుకు జాలీ కట్టు, లైటు సంగతి తర్వాత

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. మెరైన్ ట్యాంకు (ఉప్పునీళ్ల చేపల తొట్టి) పెట్టి నాలుగు నెలలైంది. మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. రెండు క్లౌన్ ఫిష్ ఉన్నాయి, బాగా తింటున్నాయి. పోయిన నెల చెన్నైలో ఒక బబుల్ టిప్ ఎనిమోన్ (పువ్వు మాదిరి ఉండే సముద్ర జీవి) కొన్నాను. అంగట్లో ఆకుపచ్చగా మెరిసిపోతా ఉండింది. ఇంటికి తెచ్చినాక చూస్తే తెల్లగా ఉంది. ఒకచోట నిలవదు, అద్దం ఎక్కి పంపు పక్కకు పోతుంది. ఇప్పుడు ట్యాంకు మీద ఉండేది మొక్కల ట్యాంకులకు వాడే 30 వాట్ల తెల్ల ఎల్ఈడీ. అంగడాయన 300 వాట్ల లైటు పెట్టమంటాడు. మా ఫ్రెండు ఉన్న లైటే చాలంటాడు. మా ఇంటామె కరెంటు బిల్లు ఎంతొస్తుందని ఇప్పట్నుంచే అడుగుతా ఉంది. ముందు ముందు కోరల్స్ (పగడాలు) కూడా పెట్టాలని ఆశ. రామేశ్వరం వైపు నుంచి కొమ్ముల కోరల్ తెచ్చిస్తానని ఒకాయన అన్నాడు. ఏ లైటు కొనేది చెప్పండి.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు:

తమ్ముడూ, లైటు గురించి అడిగినావు గానీ, నీ ఉత్తరంలో నాకు గుండె ఝల్లుమన్నది "పంపు పక్కకు పోతుంది" అన్న ముక్క దగ్గర. ఇది చదవడం ఆపి ముందు ఆ పంపు ఆపు. దాని నోటి చుట్టూ మెత్తటి స్పాంజి గానీ, సన్న కన్నాల ప్లాస్టిక్ వల గానీ చుట్టి, జిప్ టై బిగించి, అప్పుడు ఆన్ చెయ్యి. లైటు ఒక నెల ఆలస్యమైనా ఎనిమోన్ తట్టుకుంటుంది. పంపులో పడితే ఒక్క రాత్రి పట్టదు.

ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. ఒక ఆదివారం పొద్దున లేచి హాల్లోకి వస్తే చేపల మార్కెట్టు మూసేసినాక వచ్చే వాసన. ట్యాంకు నీళ్లు బియ్యం కడిగిన నీళ్ల మాదిరి ఉన్నాయి. వేవ్ మేకర్ (నీళ్లు కదిపే పంపు) జాలీలో గులాబీ రంగు పీలికలు ఇరుక్కుని ఊగుతా ఉన్నాయి. అరచేయంత ఎనిమోన్, రాత్రి పదకొండుకు కూడా బండ మీదే ఉండింది. సగం నీళ్లు మార్చినా, కార్బన్ సంచీ వేసినా, మధ్యాహ్నానికి ఒక డామ్సెల్ చేప, సాయంత్రానికి క్లౌన్ పోయినాయి. రెండు రూపాయల స్పాంజి ముక్క పెట్టనందుకు.

పంపు పని అయినాక ఎనిమోన్ నోరు చూడు. చేతుల మధ్యలో, పైభాగం నడిమధ్యన గీత మాదిరి ఉంటుంది. ఆ గీత బిగుసుకుని ఉంటే, పాదం అద్దానికి గట్టిగా అతుక్కుని ఉంటే, చేతులు చేపకు తగిలినప్పుడు అంటుకుంటుంటే నీ ఎనిమోన్ బతుకుతుంది. నోరు తెరుచుకుని లోపలిది బయటకు వేలాడుతూ, పాదం వదిలేసి, రోజంతా నీళ్లలో దొర్లుతుంటే ఆలోచించకుండా బయటకు తియ్యి. చచ్చిన ఎనిమోన్‌ను ట్యాంకులో ఒక పూట ఉంచినా నేను చెప్పిన ఆదివారమే నీకూ వస్తుంది. "అద్దం ఎక్కుతుంది" అని రాసినావు కాబట్టి పాదంలో బలం ఉన్నట్టే లెక్క. బతుకుతుందనే అనుకుని మిగతాది రాస్తున్నా.

అంగట్లో ఆకుపచ్చగా ఉండింది ఇంటికొచ్చేసరికి తెల్లగా ఎందుకైంది? తెల్లబడింది మీ ఇంట్లో కాకపోవచ్చు. కొనేటప్పటికే తెల్లగా ఉండి ఉంటుంది, నీకు కనబడలేదు. దీని లోపలి సంగతి అర్థమైతే లైటు ఎట్లాంటిది కొనాలో సగం అర్థమైపోతుంది.

ఎనిమోన్ మొక్క కాదు, జంతువు. కోరల్ కూడా అంతే. కానీ వాటి ఒంట్లో కంటికి కనబడని గోధుమ రంగు పాచి కాపురం ఉంటుంది. జూజాంథెల్లే అంటారు. ఆ పాచి పగలు వెలుతురు పట్టుకుని చక్కెర వండి, తాను తిన్నంత తిని మిగిలింది ఇంటి యజమానికి పెడుతుంది. చాలా కోరల్స్‌కు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ అద్దె మీదే వస్తుంది. అంటే మనం ఇన్ని డబ్బులు పోసి కొనే లైటు కోరల్ కోసం కాదు, దాని ఒంట్లో అద్దెకున్న పాచి కోసం. ప్రయాణంలో గానీ, వేడికి గానీ, చీకట్లో ఉంచినందుకు గానీ, ఒక్కసారిగా ఎక్కువ వెలుతురు తగిలినందుకు గానీ ఆ పాచిని అది బయటకు తరిమేస్తే, మిగిలేది అద్దం లాంటి తెల్లటి ఒళ్లు. బ్లీచింగ్ అంటే ఇదే.

ఇక ఆ ఆకుపచ్చ మెరుపు. అది పాచి రంగు కాదు. ఆ జంతువు ఒంట్లోనే ఉండే ఒక ప్రొటీన్, నీలి వెలుతురు పడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇట్లాంటి ప్రొటీన్‌ను మొదట ఒక జెల్లీఫిష్‌లో కనిపెట్టి, ప్రయోగశాలల్లో వాడుకకు తెచ్చిన ముగ్గురికి 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చినారు. మన అంగళ్లలో ఉండే ఎర్ర మష్రూమ్ కోరల్ జాతి నుంచి తీసిన ఎర్ర ప్రొటీన్ కూడా ఈ రోజు ల్యాబుల్లో తిరుగుతా ఉంది. చిక్కేమిటంటే, పాచి పోయినా ఈ ప్రొటీన్ మిగులుతుంది. అంగట్లో నిండా నీలి లైటు పెడతారు. దాని కింద ఒళ్లు ఖాళీ అయిన ఎనిమోన్ కూడా పెళ్లికూతురు మాదిరే ఉంటుంది. ఇంటికి తెచ్చి నీ తెల్ల లైటు కింద పెడితే నిజం బయటపడింది.

అందుకే ఈసారి కొనేటప్పుడు ఫోన్ టార్చి వేసి చూడు. అంగడాయన ముఖం ముడుచుకున్నా పర్వాలేదు. తెల్ల వెలుతురులో గోధుమ రంగో, తేనె రంగో, ముదురు ఆకుపచ్చో ఉంటే పాచి ఉన్నట్టు. పాలమీగడ మాదిరి ఉంటే లేనట్టు. నిమ్మపండు పసుపో, గాఢమైన ఊదానో ఉంటే రంగు నీళ్లలో ముంచినారేమో అని అనుమానించు. అట్లా చేసేవాళ్లు ఉన్నారు.

మరి తెల్లబడినదానికి వెంటనే 300 వాట్లు పెడితే ఏమవుతుంది? చచ్చిపోతుంది. మదనపల్లి వైపు టమాటా నారు పెంచేవాళ్లను చూసుంటావు. షేడ్‌నెట్ కింద నీడలో పెరిగిన నారును తీసుకుపోయి నేరుగా మండుటెండలో నాటరు. వారం ముందు నుంచే నీళ్లు తగ్గించి, వల కొంచెం కొంచెం తీసి, ఎండ చూపించి గట్టిపరుస్తారు. లేదంటే రెండో రోజుకే తల వాలుస్తుంది. బాగున్న కోరల్‌కే ఆ జాగ్రత్త కావాలి. నీ ఎనిమోన్ జ్వరం నుంచి లేచిన మనిషి. దానికి కావలసింది మితమైన వెలుతురు, వారానికి రెండుసార్లు చిన్న ముద్ద. ఉప్పు వేయని పచ్చి రొయ్యను శనగగింజంత ముక్క కోసి, పంపు పది నిమిషాలు ఆపి, పటకారుతో చేతుల మీద పెట్టు. క్లౌన్ ఫిష్ లాక్కుపోతుంది, దాన్ని ఇంకో మూల మేత వేసి మాయ చెయ్యి. పెద్ద ముక్క పెడితే మర్నాడు కక్కేస్తుంది. పాచి మళ్లీ నిండి రంగు తిరగడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. నాలుగు నెలల ట్యాంకులో ఎనిమోన్ పెట్టకూడదు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలి. ఉప్పు, ఉష్ణోగ్రత, నైట్రేటు ఊగిసలాడని ట్యాంకు దానికి కావాలి. క్లౌన్ ఫిష్‌కు ఎనిమోన్ తప్పనిసరి కూడా కాదు. సముద్రంలో దానికి పెద్ద చేపల భయం, నీ ట్యాంకులో ఆ భయం లేదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు కేరళలోని విళింజంలో క్లౌన్‌లను తొట్లలోనే పిల్లలు పెట్టించినారు. తెచ్చేసినావు గనుక ఇంక దాన్ని నిలబెట్టే దారి చూద్దాం.

ఇప్పుడు లైటు.

డబ్బా మీద రాసిన వాట్లు చూసి కొనొద్దు. వాటు అంటే అది తినే కరెంటు, ఇచ్చే వెలుతురు కాదు. లూమెన్లు చూసీ కొనొద్దు. లూమెన్ మనిషి కంటి లెక్క. మన కన్ను ఆకుపచ్చకు బాగా స్పందిస్తుంది, నీలానికి తక్కువ. కోరల్ పాచికి ఇష్టమైనదేమో 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉండే ఊదా నీలం, నీలం. అందుకే మంచి రీఫ్ లైటు, అంటే కోరల్ ట్యాంకులకు చేసిన లైటు, లూమెన్లలో చూస్తే నాసిరకంగా కనబడుతుంది, వీధి దీపం గొప్పగా కనబడుతుంది. సముద్రంలో కిందికి పోయేకొద్దీ ఎరుపును నీళ్లు మొదట మింగేస్తాయి, నీలం లోతుకు దిగుతుంది. తరతరాలుగా ఆ నీలానికి అలవాటు పడిన పాచి ఇది. నీ ట్యాంకులో ఉండే ఒకటిన్నర అడుగు నీళ్లు ఏ రంగునూ పెద్దగా మింగవు. మనం నీలం ఇచ్చేది పాచి అలవాటు కోసమే.

అసలు చూడాల్సిన కొలత పార్. పాచి వాడుకోగలిగే వెలుతురు, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యది, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎంత పడుతుందో చెప్పే అంకె. మన తిరుపతిలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు 2000 ఉంటుంది. మష్రూమ్ కోరల్, జోయాంథిడ్ (గుత్తులుగా పెరిగేది, జోయా అంటారు) లాంటి వాటికి 50 నుంచి 100 చాలు. లెదర్ కోరల్‌కు 75 నుంచి 150. బబుల్ టిప్ ఎనిమోన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు 150 నుంచి 250. కొమ్ముల కోరల్ అని నీతో అన్నాడే ఒకాయన, దానికి 250 నుంచి 350. ఇవి ఈ హాబీలో నలిగి నిలిచిన అంకెలు, పది ఇటూ అటూ అయినా కొంపేం మునగదు.

నీ 30 వాట్ల మొక్కల లైటు మీ ఫ్రెండు అన్నట్టు "చాలు" కాదు. మష్రూమ్ ఒకటి బతకొచ్చేమో, ఎనిమోన్‌కు చాలదు. అది అద్దం ఎక్కడానికి ఒక కారణం అదే కావచ్చు. వెలుతురు తక్కువైతే ఎనిమోన్ సన్నగా పొడుగ్గా సాగుతుంది, పైకి పాకుతుంది. ఎక్కువైతే ముడుచుకుని బండ కింద దాక్కుంటుంది. అది చిట్కా మాదిరి గుర్తుపెట్టుకో, పార్ మీటరు లేనివాళ్లకు జంతువే మీటరు. మీటరు ఖరీదైనది, ఎవరి దగ్గరైనా ఒక రోజుకు అరువు దొరికితే సరే, దీనికోసం కొనొద్దు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ మాత్రం నీలి లైటు కింద నమ్మొద్దు. అది మన కంటి లెక్కే చెప్తుంది.

300 వాట్లు అంటే? మూడడుగుల ట్యాంకుకు, అందులోనూ ఒకటిన్నర అడుగు లోతుకు, అంత అక్కరలేదు. నేనైతే ఏం చేస్తానో చెప్తా. మార్కెట్టులో నల్ల డబ్బా మాదిరి 165 వాట్ల రీఫ్ ఎల్ఈడీ దొరుకుతుంది. 55 చిన్న ఎల్ఈడీలు, నీలానికి ఒక నాబ్, తెలుపుకు ఒక నాబ్. పేరుకు 165, నిండా పెట్టినా దాదాపు 110, 120 వాట్లే లాగుతుంది. అట్లాంటిది ఒక్కటి తీసుకుని, ట్యాంకు మధ్యలో కాకుండా కుడి సగం మీద వేలాడదియ్యి. నీళ్లకు తొమ్మిది పది అంగుళాల ఎత్తున. కుడివైపు పెద్ద బండ ఒకటి, పాదం దూర్చుకునేందుకు లోతైన పగులు ఉండేది పెట్టు. బబుల్ టిప్‌కు పాదం చీకట్లో, చేతులు వెలుతురులో ఉండాలి. ఎడమ సగం మసక మసకగా ఉంటుంది, అక్కడ మష్రూమ్, జోయా పెట్టుకోవచ్చు. ఎనిమోన్ నడవాలనుకుంటే వెలుతురు ఎక్కువ చోటి నుంచి తక్కువ చోటికి, తక్కువ నుంచి ఎక్కువకు నడిచి తన చోటు తనే వెతుక్కుంటుంది. ఈ హాబీలో చాలామంది మూల మూలకూ సమానంగా వెలుగు పరవాలని రెండు మూడు లైట్లు కొంటారు. నీకు ఇప్పుడు ఆ ఖర్చు దండగ.

కెసిల్, ఏఐ (ఆక్వా ఇల్యూమినేషన్), రేడియన్ లాంటి పేరున్న మంచి లైట్లు కూడా ఉన్నాయి, ఫోన్లోంచి తెల్లవారడం, పొద్దుకూకడం కూడా పెట్టుకోవచ్చు. డబ్బులుంటే కొను, కోరల్ తేడా పట్టించుకోదు. పాత టీ5 ట్యూబులు వెలుగు చక్కగా పరుస్తాయి గానీ ఏడాదికోసారి మార్చాలి, వేడీ ఎక్కువే. మెటల్ హాలైడ్ పేరు ఎత్తొద్దు. నేను ఒకప్పుడు 250 వాట్లది ఒకటి పెట్టి, మే నెలలో నీళ్లు 33 డిగ్రీలకు పోయి, మూడేళ్లు పెంచిన లెదర్ కోరల్‌ను చేత్తో ముద్దలు ముద్దలుగా ఎత్తి పారేసినాను.

లైటు వచ్చినాక నాబులు తిప్పే పద్ధతి ఇది. మొదటి వారం నీలం 20 శాతం, తెలుపు 5, రోజుకు ఆరు గంటలు. ఆ తర్వాత వారానికి ఐదారు శాతం చొప్పున నీలం పెంచు, తెలుపు దాని వెనకాల మెల్లగా రావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు నీలం 55, 60 దగ్గర, తెలుపు 15, 20 దగ్గర నిలిపెయ్యి. గంటలు ఎనిమిదికి పెంచు. మధ్యలో ఎనిమోన్ ముడుచుకుని నీడకు పోతే ఒక మెట్టు కిందికి దిగి పది రోజులు ఆగు. నాబు నిండా తిప్పాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగుతుంది. నాబు పక్కన ఒక చిన్న కాగితం అంటించి తేదీ, శాతం రాసిపెట్టుకో, అప్పుడు చేతికి కొంచెం సిగ్గేస్తుంది. టైమర్ ఒకటి ఎలక్ట్రికల్ అంగట్లో కొని తగిలించు. రోజూ చేత్తో వేసి ఆపేవాళ్లు పండగ రోజు మర్చిపోతారు.

హాల్లో నీలం కళ్లకు ఇబ్బందిగా ఉంటే, మీరు కూర్చునే రెండు గంటలు తెలుపు కొంచెం పెంచుకోండి. దానివల్ల కోరల్‌కు నష్టం లేదు. అద్దాలకు, బండలకు పాచి పట్టిందంటే తెల్ల లైటును తిట్టొద్దు, నైట్రేటు, ఫాస్ఫేటు చూసుకోవాలి.

ఇప్పుడు నువ్వు ఒక్క మాటతో దాటేసిన బిల్లు సంగతి, దాని వెనక నువ్వు అడగని ఎండాకాలం సంగతి. మరదలికి లెక్క చెప్పు. వంద వాట్ల లైటు రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 24 యూనిట్లు. నాబు సగంలో ఉంటే అందులో సగమే. 300 వాట్లు నిండా వెలిగితే 72. ఇంతవరకు ఆమె ఒప్పుకుంటుంది. నీళ్లు చల్లబరిచే మిషన్, అదే చిల్లర్, దాని గురించి నువ్వు దాచిపెట్టినావేమో నాకు తెలియదు. నీ ట్యాంకులో నీళ్లు 180 లీటర్ల దగ్గర ఉంటాయి. దానికి సరిపోయే చిన్న చిల్లర్ కూడా ఎండాకాలంలో రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 50 యూనిట్ల దాకా లాగుతుంది. లైటు కన్నా అదే పెద్ద ఖర్చు. నిజం ఇప్పుడే చెప్పెయ్యి, మే నెలలో బిల్లు చూసి తెలుసుకోవడం కన్నా మేలు.

ఎందుకంటే కోరల్స్‌కు, ఎనిమోన్‌కు నీళ్లు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఏసీ లేని హాల్లో ట్యాంకు 31, 32కు పోవడం పెద్ద విషయం కాదు. వేడి ఒక్కటే అయితే కొంత తట్టుకుంటాయి. వేడి, గట్టి వెలుతురు రెండూ కలిస్తే పాచి లోపల చెడిపోయి విషం పుట్టిస్తుంది, అప్పుడు జంతువు దాన్ని బయటకు తోసేస్తుంది. 1998, 2010, 2016లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో కోరల్స్ తెల్లబడినప్పుడు జరిగింది కూడా ఇదే. కాబట్టి నీళ్లు 29 దాటిన రోజు లైటు సగానికి తగ్గించు. ఖర్చు లేని మందు ఇది, నాకు తెలిసి ఊర్లో పదిమందిలో ఒకరు కూడా చెయ్యరు. వెలుతురు తగ్గిస్తే కోరల్‌కు ఆకలేస్తుందేమో అని భయపడతారు. రెండు మూడు రోజులు తక్కువైతే ఏమీ కాదు.

ఎండాకాలంలో లైటు వేళలు కూడా మార్చు. ఇల్లు ఉడికిపోయేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. ఆ టైములో లైటు కూడా వేడి పోయడం ఎందుకు? సాయంత్రం ఐదుకు వెలిగి రాత్రి ఒంటిగంటకు ఆరేట్టు పెట్టు. కోరల్‌కు గడియారం తెలియదు, చీకటి ఎంతసేపు, వెలుగు ఎంతసేపు అన్నదే తెలుసు. ఒక్కరోజులో మార్చకుండా రోజుకు అరగంట చొప్పున జరుపు. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి చూసుకునేదీ ఆ టైములోనే కదా.

ఏప్రిల్, మే మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల మీదకు చిన్న ఫ్యాను పెట్టినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు ఆవిరి కాదు, అడుగునే మిగిలి నీళ్లు చిక్కబడతాయి. రోజూ ఉప్పు కలపని ఆర్ఓ నీళ్లే పోసి నీటిమట్టం మళ్లీ పాత గీత దగ్గరకు తేవాలి. ఇంట్లో తాగే ఆర్ఓ మిషన్‌కు రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెంచే వాల్వు ఉంటుంది, ట్యాంకుకు పట్టుకునేటప్పుడు అది మూసెయ్యి. చిల్లర్ కొంటే దాన్ని స్టాండు కింద అల్మారాలో పెట్టి తలుపు మూసొద్దు. అది వదిలే వేడి గాలి దానికే తిరిగి తగిలి, బిల్లు పెరుగుతుంది, నీళ్లు చల్లబడవు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైటు పెట్టాలా అని చాలామంది అడుగుతారు. అక్కరలేదు. రెండు రోజులు చీకట్లో ఉన్నా ఇవి బతుకుతాయి. నీళ్లు కదలకపోతే గంటల్లో ఊపిరాడదు. ఇన్వర్టర్ మీద వేవ్ మేకర్, ఎయిర్ పంపు పెట్టు. ఇంకొకటి, లైటు వైరు ప్లగ్గుకు పోయే ముందు కిందికి వేలాడి వంపు తిరగాలి, నీటి చుక్క జారితే ఆ వంపు దగ్గరే కింద పడాలి. షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే లైటు కన్నా ముందు అది వేయించు. ఉప్పునీళ్లు, కరెంటు, తడి చెయ్యి, చెప్పేదేముంది. నెలకోసారి లైటు ఆపి, చల్లారినాక, ఆర్ఓ నీళ్లలో పిండిన గుడ్డతో కటకాల మీద పేరుకున్న ఉప్పు పొర తుడువు. ఆ పొర వెలుతురు తినేస్తుంది.

రామేశ్వరం కొమ్ముల కోరల్ సంగతి చివరికి పెట్టినాను గానీ అది చిన్న సంగతి కాదు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే గట్టి కోరల్స్ అన్నీ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, 2001లో చేర్చినారు. పులిని చంపితే ఏ షెడ్యూలో ఇదీ అదే. సీ ఫ్యాన్, ఫైర్ కోరల్, నల్ల కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్ కూడా అందులోనే. నేరం రుజువైతే మూడేళ్లకు తక్కువ కాని జైలు. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవుల చుట్టూ 1986 నుంచి మన్నార్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. అక్కడి నుంచి ఒక కొమ్మ విరిచి తెచ్చేవాడు స్నేహంగా మాట్లాడినా నీకు స్నేహితుడు కాడు. విదేశాల నుంచి వచ్చిందని చెప్పే గట్టి కోరల్‌కు కూడా దిగుమతి కాగితాలు చూపించమను, చూపించకపోతే వెనక్కి వచ్చెయ్యి. సముద్రం నుంచి తీసిన బండలకూ ఇదే మాట, సిరామిక్ బండలు అదే పని చేస్తాయి. చట్టం పక్కన పెట్టినా, నీ ట్యాంకు వయసుకు, మన ఎండకు ఆ కోరల్ బతకదు.

మష్రూమ్‌తో మొదలుపెట్టు. ఎడమవైపు మసక చోట ఒకటి. అది పళ్లెం మాదిరి విప్పారితే వెలుతురు సరిపోయినట్టు, అంచులు పైకి ముడుచుకుంటే ఎక్కువైనట్టు. మూడు నెలలు అది బాగుంటే ఒక జోయా గుత్తి, దాని తర్వాత ఒక చిన్న లెదర్. జోయా పట్టుకునేటప్పుడు చేతికి తొడుగు వేసుకో, కళ్లు తుడుచుకోవద్దు. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, వాటిని ఇంట్లో వేడినీళ్లలో ఎప్పుడూ కడగొద్దు, ఉడికించొద్దు.

లైటు తెచ్చిన రోజు ఒకటి, మూడు వారాలకు ఒకటి, ఎనిమోన్ ఫొటోలు తీసి పంపు. నీలం ఆపేసి, తెల్ల టార్చి వెలుతురులో, నోరు కనబడేట్టు పై నుంచి తియ్యాలి. పంపుకు కట్టిన స్పాంజి కూడా ఒక ఫొటో.